వీరాయమ్మ పొగ బాల్చీ

పెదమెరక ఎలిమెంటరీ స్కూల్లో మొదటి గంట ఎనిమిదీ నలభై అయిదుకి కొడతారు. వీరాయమ్మ మాత్రం ఏడింటికల్లా గేటు తాళం తీసేది. గదులు ఊడవడం, మరుగుదొడ్లు కడగడం, కుండీలో నీళ్ళు నింపడం, ఇవన్నీ ఆయా పని కింద రాసిపెట్టినవే. అవి ముగిశాక ఆమె చేసే పని ఇంకొకటి ఉంది. అది ఏ కాగితంలోనూ లేదు, ఎవరూ చెప్పిందీ కాదు. తొమ్మిదేళ్ళ పాటు, బడి ఉన్న ఏ రోజూ తప్పకుండా చేసింది.

ఆ పని గదులకి పొగ వెయ్యడం.

వంటషెడ్డు వెనక ఎవరో పారేసిన పాత ఇనప బాల్చీ ఒకటి ఆమెకి దొరికింది. అందులో సగం దాకా ఇసక పోసి, మీద కొబ్బరి డొక్కలు పేర్చి, నిప్పు అంటించేది. మంట లేవగానే తడి పీచు కప్పి, ఆ పైన నాలుగు వేపరెమ్మలు వేసేది. మంట చచ్చి పొగ పుట్టేది. ఆ బాల్చీ పట్టుకుని ఒక్కో గదిలోకీ వెళ్ళి, నాలుగు మూలలా చూపించి, బెంచీల కింద తిప్పి, కిటికీ రెక్కలు బిగించి, తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చేది. గదికి పావుగంట. కోనసీమలో సాయంత్రం పూట పశువుల సావిట్లో పొగ వెయ్యని ఇల్లు ఒకప్పుడు ఉండేది కాదు. గొడ్డుకి చేసే పాటి సేవ పిల్లలకి చెయ్యకపోతే ఎలా అనేది ఆమె.

మేష్టర్లు మెచ్చుకునేవారు. హెడ్మాస్టరు యజ్ఞనారాయణ గారు సౌమ్యుడు. వేదం చదువుకున్న ఇంటి నుంచి వచ్చిన మనిషి, ఎవరినీ ఏకవచనంతో పిలిచి ఎరగరు. పొద్దున్నే గదిలోకి అడుగు పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ, "వీరాయమ్మగారూ, దోమల కంటే ముందు నేను పారిపోయేలా ఉన్నానండి" అనేవారు. ఆమె నవ్వేది. "కాసేపు ఓర్చుకోండి బాబూ. సాయంత్రం దాకా ఒక్కటి వాలితే నన్నడగండి" అనేది.

ఆమెకి దోమతో పాత పగ ఉంది. ఇరవై ఏడేళ్ళ కిందట ఆమె ఒక్కగానొక్క కొడుకు చిట్టిబాబు ఇదే బళ్ళో ఒకటో తరగతి చదివేవాడు. శ్రావణమాసంలో జ్వరం వచ్చింది. మూడో రోజుకి మాట తడబడింది. నాలుగో రోజుకి తల్లిని గుర్తుపట్టలేదు. కాకినాడ పెద్దాసుపత్రిలో మెదడువాపు అన్నారు. ఎందుకొచ్చిందండీ అని ఆమె అడిగితే, "దోమ కుట్టడం వల్లమ్మా" అని చెప్పి డాక్టరు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ముక్కే ఆమెకి మిగిలింది. దోమ ఇంట్లో కుట్టిందో, గట్టు మీద కుట్టిందో ఎవరికి తెలుసు గాని, వీరాయమ్మ లెక్కలో మాత్రం అది బళ్ళోనే కుట్టింది. వాడు కూర్చునేది వెనక మూల, వెలుతురు రాని చోటు. తరవాత కొన్నాళ్ళకి కొబ్బరిచెట్లెక్కి కాయ దింపే ఆమె భర్త కూడా, ఒక ముసురు రోజున పట్టు జారి పడి, రెండేళ్ళు మంచాన ఉండి చనిపోయాడు. దానికి ఆమె ఎవరినీ ఏమీ అనలేదు. చెట్టు తడిసింది, కాలు జారింది. కొడుకు సంగతి అలా కాదు. వాణ్ణి చంపినదేదో ఆమెకి తెలుసు. అందుకే బళ్ళో ఆయా పని పడిందని తెలియగానే, చీర కొంగు బిగించుకుని వెళ్ళి అడిగి మరీ తెచ్చుకుంది.

బడి ప్రహరీకి అవతల ఆదినారాయణ పీచు మిల్లు ఉంది. ఆరేళ్ళ కిందట పెట్టాడు. మిషను డొక్కల్ని నమిలి పీచు ఒక పక్కకీ పొట్టు ఒక పక్కకీ ఊస్తుంది. పీచు లారీలెక్కి పోతుంది. పొట్టు గుట్టలు గుట్టలుగా ప్రహరీని ఆనుకుని పడి ఉంటుంది. ఎండాకాలం గాలి తిరిగిందంటే ఆ గుట్టలన్నీ లేచి బళ్ళోకి వచ్చేవి. పొద్దున్న నల్లబల్ల మీద రాసిన అక్షరాల మీద మధ్యాహ్నానికి గోధుమరంగు పొర ఉండేది. పిల్లలు అన్నం కంచాల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని తినడం నేర్చుకున్నారు. హెడ్మాస్టరు గారు రెండు మూడు సార్లు చెప్పి చూసి, చివరికి మిల్లు వైపు కిటికీలన్నీ మూయించేశారు.

ఆదినారాయణ చెడ్డవాడేం కాదు. ప్రతి గదికీ ఫ్యాను ఇచ్చాడు, రెక్కల మీద తండ్రి పేరు రాయించి. జెండా పండక్కి బిస్కెట్లు పంపేవాడు. వీరాయమ్మ డొక్కల కోసం తోటలమ్మట తిరగడం చూసి, "పిన్నిగారూ, మా డొక్కల గుట్ట ఉండగా ఊరంతా తిరగడమేంటండీ. ఎన్ని కావాలంటే అన్ని పట్టుకెళ్ళండి. పిల్లల కోసమే గదా" అన్నాడు. ఆనాటి నుంచి బాల్చీలోకి డొక్కలు మిల్లువే.

లోవశ్రీ ఆమెతో పాటు ఏడింటికే బడికి వచ్చేది. ఆ పిల్ల ఆమెకి చుట్టం కాదు, పక్కింటి సూర్యకుమారి కూతురు. తండ్రి ప్రకాష్ మస్కట్‌లో డ్రైవరు. సూర్యకుమారి ఐ.పోలవరం వైపు రొయ్యల కంపెనీలో తలలు తీసే పని చేస్తుంది. కంపెనీ బస్సు ఆరున్నరకే వచ్చి హారన్ కొడుతుంది. కూతుర్ని జడ వెయ్యకుండానే వీరాయమ్మ గుమ్మంలో దింపి, "పిన్నీ, చూసుకో" అని పరుగెత్తేది. జడ వీరాయమ్మే వేసేది. నూనె రాసి, రెండు పాయలు, ఎర్ర రిబ్బన్లు. అలా రెండేళ్ళు.

లోవ మూడో తరగతి. కబుర్ల పోగు. వీరాయమ్మ గదులు ఊడుస్తుంటే గట్టున కూర్చుని వేపరెమ్మలు తుంపి ఒడిలో పోసుకునేది. పొగ వేసేటప్పుడు బాల్చీ వెనకాలే తిరుగుతూ ఆకు అందించేది.

"అదిగో ఆయమ్మా, ఆ మూల. అక్కడొకటుంది."

"నీ కళ్ళే కళ్ళు. నాకేం కనపడట్లేదు."

"నువ్వు ముసిల్దానివి గదా. ఇటు తిప్పు."

తిప్పేది. ఇద్దరూ దగ్గుతూ, నవ్వుతూ బయటికి వచ్చి మెట్ల మీద కూర్చునేవారు.

ఆ దగ్గు వేసవి వెళ్ళాక కూడా పోలేదు. వానాకాలం వచ్చేసరికి లోవకి పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి తీస్తే లోపల ఎక్కడో సన్నటి ఈల వినపడేది. ఒకరోజు ప్రార్థనలో నిలబడ్డ పిల్ల అలాగే కూలబడిపోయింది. పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. వీరాయమ్మ భుజాన వేసుకుని ఆటో ఎక్కి రాజోలు ఆసుపత్రికి తీసుకెళ్ళింది. దారి పొడుగునా పిల్ల పొట్ట ఎగిరెగిరి పడుతోంది. చిట్టిబాబుని కాకినాడ తీసుకెళ్ళినప్పుడు కూడా ఇలాగే ఒడిలో పడుకోబెట్టుకుంది. ఈ పిల్లని కూడా పోనిస్తే నేను బతికి ఏం లాభం అనుకుంది. ఆ అనుకోవడం తరవాత ఇక ఆమెని విడిచిపెట్టలేదు.

డాక్టరమ్మ లోవ వీపు మీద చెవిగొట్టం పెట్టి విన్నది.

"ఇంట్లో పొగ ఏమన్నా ఉంటుందా అమ్మా? కట్టెల పొయ్యి, బీడీలు?"

"లేదండి. వాళ్ళకీ గ్యాసే, నాకూ గ్యాసే. బీడీలు తాగే మగాళ్ళెవరూ లేరండి."

"దుమ్ము?"

"బడి పక్కన పీచు మిల్లుందండి. గుప్పెడు దుమ్ము వచ్చి పడుద్దండి పిల్లల మీద."

డాక్టరమ్మ అదే రాసుకుంది. వీరాయమ్మ ఆడింది అబద్ధం కాదు. పొగ అంటే ఆమెకి పొయ్యి పొగ, బీడీ పొగ. బాల్చీలో వేసేది మందు. అది అడిగిన జాబితాలో చేరుతుందని ఆమెకి తోచనే లేదు.

తోచకపోగా, ఆ పూట ఇంకొకటి చూసింది. లోవ ముక్కుకీ నోటికీ ఒక మూత తగిలించి, దానికి గొట్టం పెట్టి, మిషను ఆన్ చేశారు. మూతలోంచి తెల్లటి పొగ బుసబుసా వచ్చింది. పిల్ల పీల్చింది. పీల్చగా పీల్చగా పెదాల రంగు మారింది, పొట్ట ఎగరడం తగ్గింది. వీరాయమ్మ రెండు చేతులూ జోడించి ఆ పొగకేసి చూస్తూ నిలబడింది. ఇంత పెద్ద ఆసుపత్రిలో కూడా ఆయాసానికి పొగే పెట్టారని ఆమె మనసులో ముద్రపడిపోయింది.

మర్నాటి నుంచి వేపాకుతో పాటు వావిలాకు కూడా తెచ్చింది. రొమ్ము పట్టేస్తే వావిలాకు ఆవిరి పట్టడం అందరూ ఎరిగినదే. దాన్నే పొగలో వేసింది. గదులన్నీ అయ్యాక, మూడో తరగతి గదిలో లోవ బెంచీ పక్కన బాల్చీ దింపి, పిల్లని దగ్గర కూర్చోబెట్టి, తన చీర చెంగే మూతగా కప్పేది.

"గట్టిగా పీల్చమ్మా. ఆసుపత్రిలో పీల్చేవు గదా, అలాగ."

లోవ పీల్చేది. ముందు దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. కాస్త కళ్ళె పడేది. అది పడ్డాక, "ఇప్పుడు బావుంది ఆయమ్మా" అనేది. బావుందని పిల్ల అన్నప్పుడల్లా వీరాయమ్మ ఒంట్లో ఏదో ముడి విడినట్టుండేది.

ఆ ఏడు లోవని ఆసుపత్రికి తీసుకెళ్ళడం ఐదు సార్లు అయింది. లోవ ఒక్కతే కాదు. యజ్ఞనారాయణ గారు హాజరు పట్టీ ముందేసుకుని ఒకనాడు వీరాయమ్మకి చూపించారు. ముప్ఫై నలుగురిలో పదకొండు మందికి దగ్గు, నలుగురి దగ్గర పీల్చే మందు పంపులు.

"ఇక ఊరుకుంటే పాపం నాదేనండి" అన్నారాయన. "సోమవారం అమలాపురం వెళ్ళి అర్జీ ఇస్తాను. మిల్లు ఇక్కణ్ణించి కదలాలి. లేదంటే చుట్టూ గోడలు, పైకప్పూ కట్టి దుమ్ము బయటికి రాకుండా చెయ్యాలి. లోవ మందుచీటీలు ఇస్తారా, నకళ్ళు తీయిస్తాను."

"ఇస్తానండి. ఆయ్. నేను కూడా వస్తానండి, కావాలంటే సాచ్చెం చెప్తాను."

అర్జీ ఇచ్చిన నెలకి జిల్లా నుంచి ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, గాలి కొలవడానికి. ఒక యువతి, ఆమె వెంట ఒక పెద్దాయన. తేనెపెట్టెల్లాంటి రెండు పెట్టెలు తెచ్చారు. ఒకటి ప్రహరీ గోడ మీద, రెండోది మూడో తరగతి గదిలో గూట్లో పెట్టారు. ఇవాళ సాయంత్రం నుంచి రేపు సాయంత్రం దాకా ఇవి గాలిని పట్టుకుని రాసుకుంటూ ఉంటాయి, ఎవరూ ముట్టుకోకండి అని చెప్పి వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక యజ్ఞనారాయణ గారు ఆమెని పిలిచి మరీ చెప్పారు. "వీరాయమ్మగారూ, రేపు ఏదీ మార్చకండి. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండాలి. మనం కొత్తగా ఏం చేసినా, మిల్లువాళ్ళు తప్పు పట్టుకుంటారు."

"అలాగేనండి. రోజూ ఎలాగో అలాగే చేస్తానండి."

అలాగే చేసింది. పొద్దున్న ఏడింటికి తాళం తీసి, ఊడ్చి, కడిగి, బాల్చీ రాజేసింది. మూడో తరగతి గదిలో పెట్టె చిన్న పచ్చ దీపంతో మినుకుమినుకుమంటోంది. దాన్ని చూసి లోవ, "దీనికి పొగ తగిలితే పాడైపోద్దేమో ఆయమ్మా" అంది.

"ఎందుకు పాడవుద్ది? అంత గొప్ప మిషనుకి మిల్లు దుమ్మేదో, మందు పొగేదో తెలీదా ఏంటి. ఆకు ఇలా తే."

సాయంత్రం ఆఫీసర్లు వస్తారు కదా, వాళ్ళని కూడా దోమలు కుట్టకూడదని, ఆ రోజు గుప్పెడు ఆకు ఎక్కువే వేసింది. మిల్లు వైపు కిటికీలు ఎలాగూ మూసే ఉన్నాయి. మిగతావి కూడా బిగించింది.

పదిహేను రోజుల తరవాత ఆ యువతి తిరిగి వచ్చింది. హెడ్మాస్టరు గదిలో కుర్చీలు వేశారు. ఆదినారాయణని కూడా పిలిపించారు. అతను తెల్ల చొక్కా వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష ఫలితాల రోజు కుర్రాడిలా కూర్చున్నాడు. వీరాయమ్మ టీ గ్లాసులు అందించి గుమ్మం పక్కన నిలబడింది. లోవ ఆమె కొంగు పట్టుకుని ఉంది.

ఆఫీసరమ్మ ఒక కాగితం బల్ల మీద పరిచింది. దాని మీద రెండు గీతలు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు.

"నీలం బయటి గాలండి. మిల్లు నడిచినప్పుడల్లా లేస్తోంది, ఉండాల్సిన దానికంటే ఎక్కువే. ఎరుపు గది లోపలిది. ఇది చూడండి. రాత్రంతా కింద ఉంది. పొద్దున్న ఏడూ నలభైకి ఇలా లేచింది."

లేచిన ఆ గీత కొబ్బరిచెట్టులా నిటారుగా ఉంది. చివర వరకూ పోయి, కాగితం అంచుకి తగిలి, అక్కణ్ణించి నెమ్మదిగా దిగుతూ దిగుతూ మధ్యాహ్నం దాకా వచ్చింది.

"ఆ టైముకి మిల్లు ఇంకా తెరవలేదండి. పిల్లలు కూడా రారు. ఏడూ నలభైకి ఇక్కడ ఏం జరుగుతుంది?"

యజ్ఞనారాయణ గారు కాగితంకేసి చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖంలో రంగు దిగిపోవడం వీరాయమ్మ చూసింది గాని, ఎందుకో ఆమెకి ఇంకా అందలేదు.

లోవకి అందింది. తనకి తెలిసిన ప్రశ్న అడిగారని సంతోషంగా చెయ్యెత్తింది.

"ఆయమ్మ పొగ పెడుద్దండి. రోజూ. నేను ఆకు అందిస్తాను."

ఆఫీసరమ్మ వెనక్కి తిరిగి చూసింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వీరాయమ్మకి కొంత సులువుగా ఉండేదేమో.

"రోజూనా అమ్మా? గదులు మూసేసి?"

"దోమలకండి" అంది వీరాయమ్మ.

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిదేళ్ళండి."

ఆఫీసరమ్మ విడమరిచి చెప్పింది. పీచు పొట్టు కంటికి కనపడే దుమ్ము. అందులో చాలా మటుకు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. డొక్కల పొగలో ఉండేది కంటికి కనపడదు, తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కి దిగిపోతుంది. పొగ పోయిందని మనం అనుకున్నాక కూడా, కిటికీలు మూసి ఉంటే గంటల తరబడి గదిలోనే ఉంటుంది. మిల్లు తప్పు లేదని తను అనడం లేదు. అయితే ఈ కొలతతో మిల్లుని కదపమనడానికి వీలు లేదు. పొగ పూర్తిగా మానేసి, కొన్నాళ్ళాగి, మళ్ళీ కొలవాలి.

"అర్జీలో రాసిన ఆ ఆయాసం పిల్ల ఏ గదండీ?" అని అడిగింది చివర్లో.

ఈసారి లోవ చెయ్యెత్తలేదు. కొంగు వదిలేసి వీరాయమ్మ ముఖంలోకి చూస్తోంది.

ఆదినారాయణ బయటికి వస్తూ మెట్ల దగ్గర ఆగాడు. "పిన్నిగారూ, నేనేం చెప్పలేదండి. డొక్కలెక్కడివి అని ఆఫీసరమ్మ అడిగితే మా మిల్లువే అన్నాను. అబద్ధం ఆడలేం గదండీ" అన్నాడు. ఇంకేదో అనబోయి, చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయాడు. వారం తిరగకుండా ఆ ఎర్రగీత కాగితం నకలు మిల్లు ఆఫీసు గోడ మీదికి ఎక్కింది, దేవుడి పటం పక్కన.

యజ్ఞనారాయణ గారు ఆమెని తిట్టలేదు. అందరూ వెళ్ళాక బెంచీ మీద కూర్చోబెట్టి, తను కూడా ఎదురుగా పిల్లల బెంచీ మీదే కూర్చున్నారు.

"రోజూ ఆ పొగలోనే నేను హాజరు వేసేనండి. కళ్ళు మండుతుంటే నవ్వుతాలాడేను. చదువుకున్నవాణ్ణి. రోజూ ఎలా ఉంటుందో అలాగే ఉండాలని మీకు చెప్పింది కూడా నేనే."

ఆమె వినలేదు. అయిదు ఆసుపత్రి ప్రయాణాలూ లెక్క పెట్టుకుంటోంది. ఒక్కోదానికీ ముందు రోజు ఎంత ఆకు వేసిందో గుర్తు తెచ్చుకుంటోంది. జబ్బు పెరిగినప్పుడల్లా మందు పెంచింది. చీర చెంగు కప్పి పీల్చమంది. గట్టిగా పీల్చమంది.

మళ్ళీ కొలవమని అడగాలంటే, పొగ మానేశామని కాగితం ఇవ్వాలన్నారు. ఆయన రాసి చదివి వినిపించారు. తొమ్మిదేళ్ళుగా నా అంతట నేను, ఎవరి ఉత్తర్వూ లేకుండా, తరగతి గదుల్లో పొగ వేసేదాన్ననీ, ఇక వెయ్యననీ. "అంత తప్పు మీ ఒక్కరి మీదే వేసుకోనక్కర్లేదండి, నా పేరు కూడా రాస్తాను" అన్నారు. "వద్దండి. పిల్ల బాగుపడితే చాలు" అని ఆమె కూడబలుక్కుని సంతకం పెట్టింది.

జూన్‌లో ఆయనకి బదిలీ అయింది, అప్పనపల్లి అవతలికి. కొత్తగా వచ్చిన హెడ్మాస్టరు ఫైలు తిరగేసి, ఆ కాగితం చూసి, కమిటీని పిలిచాడు. కమిటీలో తల్లులు ఉన్నారు. "మా పిల్లకి రెండేళ్ళు దగ్గుమందు పోసేనండి. ఆవిడ పొగ వల్లేనని ఎవరికి తెలుసు" అంది ఒకామె. "చేసేదేదో ఎవర్నన్నా అడిగి చెయ్యాలి గదా" అంది ఇంకొకామె. వాళ్ళన్న దాంట్లో వీరాయమ్మకి తప్పేమీ కనపడలేదు. రేపట్నుంచి రావద్దన్నారు. గేటు తాళం బల్ల మీద పెట్టి వచ్చేసింది. మళ్ళీ కొలిచే మాట ఆ తరవాత ఎవరూ ఎత్తలేదు. అడగాల్సిన మనిషి ఊళ్ళో లేడు. ఉన్నవాళ్ళకి అడగాలని లేదు. పొగ ఆగింది, కిటికీలు మూసే ఉన్నాయి, మిల్లు నడుస్తోంది, పొట్టు గుట్టలు ప్రహరీ ఎత్తుని దాటాయి. దోమలు మళ్ళీ వచ్చాయి.

పొగ సంగతి ఊళ్ళో తెలిసిన రోజు సాయంత్రం సూర్యకుమారి బస్సు దిగి, రొయ్యల వాసన చీరతోనే వచ్చి గుమ్మంలో నిలబడింది. అరుస్తుందని వీరాయమ్మ ఎదురుచూసింది.

"నమ్మి వదిలేను పిన్నీ" అంది. అంతే అంది.

మర్నాడు లోవని పంపలేదు. ఆ మర్నాడూ పంపలేదు. పని మానేసి ఇంట్లో కూర్చుంది. అయిదో రోజున కంపెనీ నుంచి, రాకపోతే వేరే మనిషిని పెట్టుకుంటామని ఫోనొచ్చింది. ఆరో రోజు పొద్దున్న ఆరున్నరకి బస్సు హారన్ కొట్టింది. సూర్యకుమారి కూతుర్ని జడ వెయ్యకుండానే తెచ్చి అదే గుమ్మంలో దింపి, ముఖం చూడకుండా వెళ్ళిపోయింది. ఆమెకి వేరే గుమ్మం లేదు. వీరాయమ్మకి అది తిట్టు కంటే ఎక్కువగా తగిలింది.

పొగ మానేస్తే పిల్ల లేచి తిరుగుతుందని ఆమె అనుకుంది. కాస్త తగ్గిన మాట నిజమే. అయితే డాక్టరమ్మ, పాడైనంత మేరకి పాడైపోయిందమ్మా, ఇక పెరగకుండా చూసుకోవాలి అంది. దుమ్ముకి దూరంగా ఉంచమంది. పీచు మిల్లు ఊళ్ళోనే ఉంది, తామున్నదీ ఆ ఊళ్ళోనే. ఇంకెంత దూరం పోతారు. లోవ బడికి వారానికి రెండు రోజులు వెళ్తే, మూడు రోజులు వీరాయమ్మ అరుగు మీద. ముందులా పరుగెత్తదు. నాలుగు మాటలు చెప్పి ఆగుతుంది, ఊపిరి తీసుకుని అయిదోది చెబుతుంది. పంపు నోట్లో పెట్టుకుని నొక్కుకోవడం తనంతట తనే నేర్చుకుంది.

కార్తీకమాసం వెళ్ళాక ఒక మధ్యాహ్నం గాలి మిల్లు వైపు నుంచి తిరిగింది. ఆరేసిన చీరల మీద గోధుమరంగు నూగు పడుతోంది. లోవ అరుగు మీంచి లోపలికి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ నేల మీద ఆన్చి, భుజాలు పైకెత్తి ఊపిరి లాగుతోంది. ఈల మొదలైంది. వీరాయమ్మ పంపు ఇచ్చింది. రెండుసార్లు నొక్కుకుంది. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు. ఈల తగ్గలేదు. వీరాయమ్మ ఆటో అతనికి ఫోను చేసింది. రాజోలు సంతలో ఉన్నానండి, ముప్పావుగంటలో వస్తానన్నాడు. సూర్యకుమారికి చేసింది. పనిలో ఫోన్లు పక్కన పెట్టించేస్తారు, మోగి ఆగిపోయింది.

"ఆయమ్మా" అంది లోవ. "బాల్చీ... పెట్టవా."

వీరాయమ్మ విననట్టు తడిగుడ్డతో పిల్ల ముఖం తుడిచింది.

"వావిలాకుది. అది పెడితే... తగ్గుద్ది నాకు."

తెలుసుగదా అమ్మా అని అనబోయింది. పిల్లకి తెలియదు. ఆ రోజు హెడ్మాస్టరు గదిలో ఆఫీసరమ్మ చెప్పిందంతా ఎనిమిదేళ్ళ పిల్లకి ఏం అర్థమైంది. బడి నుంచి ఆయమ్మని పంపేశారని తెలుసు. ఎందుకో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. చెప్పాల్సింది తనే. ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్న జడ వేస్తూ, ఇవాళ చెప్తాననుకుని, రిబ్బను ముడేసి ఊరుకుంది.

పిల్ల ఎదుట మోకాళ్ళ మీద కూర్చుంది.

"అది మందు కాదు లోవమ్మా. నేను మందనుకున్నాను. ఆ పొగ వల్లే నీకిలా అయింది. నా వల్లే అయింది."

లోవ ఆమెకేసి చూసింది. ఊపిరికి ఊపిరికి మధ్య మాటలు కూర్చుకుంటోంది.

"కాదు."

"అవునమ్మా. మిషను చెప్పింది గదా."

"మిషను... అబద్ధం చెప్పింది. నువ్వు పెడితే... తగ్గేది. నాకు తెలీదా."

పిల్ల కోప్పడుతుందనో, భయపడుతుందనో, దూరం జరుగుతుందనో అన్నిటికీ వీరాయమ్మ సిద్ధపడింది గాని, నమ్మకం పోదని అనుకోలేదు. తాటాకు విసనకర్ర తీసుకుంది. విసిరితే దుమ్ము లేస్తుందేమోనని ఆగిపోయింది. తలుపు మూద్దామని లేచింది. మూస్తే గాలాడదని మళ్ళీ కూర్చుంది. చేతులతో ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. అరవై ఏళ్ళ బతుకులో ఆ చేతులు ఖాళీగా ఉండడం అదే మొదటిసారి.

లోవ గోడ పట్టుకుని లేచింది. వద్దంటుంటే వినకుండా, గుమ్మం పక్కన కంచెలో పెరిగిన వావిలి పొద దాకా మెల్లిగా నడిచింది. అయిదు అడుగులకి రెండుసార్లు ఆగింది. ఒక రెమ్మ తుంపింది. ఆకుల మీది దుమ్ము గౌనుకి తుడిచి, తిరిగి వచ్చి, బళ్ళో బాల్చీ వెనకాల నిలబడి అందించినట్టే అందించింది.

"ఆకు నేను... ఇస్తాను గదా" అంది.

వీరాయమ్మ అందుకుంది. మిల్లు చప్పుడు వినపడుతోంది. ఆటో ఇంకా రాలేదు. ఆ రెమ్మని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని, రెండో చేత్తో పిల్ల వీపు నిమురుతూ, లోపలి ఈల వింటూ కూర్చుంది.